జర్మనీలో వాషింగ్ మెషీన్: ఏ ప్రోగ్రామ్ పెట్టాలి, మూడు గంటలు ఎందుకు?

మాగ్‌డెబుర్గ్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. మాస్టర్స్‌కి వచ్చాను, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. పాత అద్దెవాళ్లు వదిలేసి వెళ్లిన వాషింగ్ మెషీన్ ఒకటి బాత్రూంలో ఉంది, ముందువైపు తలుపు ఉండే రకం. మాన్యువల్ లేదు, మీద రాసిందంతా జర్మనే. బామ్‌వొల్లె, ఫ్లేగెలైష్ట్, ఫైన్‌వెషె, ఎకో 40-60... ఎకో అంటే త్వరగా అయిపోతుందేమో అని పెడితే 3 గంటల 20 నిమిషాలు చూపిస్తోంది! మా ఇంట్లో టాప్ లోడ్, బట్టలూ సర్ఫూ వేసి బటన్ నొక్కితే గంటలోపు అయిపోయేది. సబ్బు అరలు మూడున్నాయి, ఏది ఎందులో పోయాలో తెలీదు. మెషీన్ పాడైందంటారా? పండక్కి కట్టుకోమని అమ్మ పెట్టిన పట్టు పంచె కూడా ఉంది, అది వేయొచ్చా? కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

బెర్లిన్ నుంచి:

తమ్ముడూ, మెషీన్‌కి ఏమీ కాలేదు. ఎకో 40-60 మూడు గంటలు దాటడం ఇక్కడ మామూలే, వచ్చిన ప్రతివాడూ మొదటి వారం అడిగే ప్రశ్నే ఇది.

ముందు ఒక్క విషయం పట్టుకో, మిగతాది దానంతటదే అర్థమవుతుంది. మన ఊళ్లో టాప్ లోడ్ చాలావరకు కుళాయి నీళ్లతోనే ఉతికేస్తుంది. ఇక్కడి మెషీన్ కూడా చల్లనీళ్ల కుళాయికే తగిలించి ఉంటుంది కానీ లోపల హీటర్ ఉంటుంది, నీళ్లు అదే కాచుకుంటుంది. కరెంటు ఎక్కువ తినేది డ్రమ్ము తిరగడం కాదు, నీళ్లు కాగడం. అందుకే ఎకో చేసే పని ఏంటంటే నీళ్లు తక్కువ కాచి, ఆ లోటుని ఎక్కువసేపు తిప్పి పూడ్చుకుంటుంది. టైమ్ పెరిగింది, కరెంటు తగ్గింది, అంతే. 2021 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కొత్త మెషీన్‌లోనూ ఈ పేరుతోనే ఈ ప్రోగ్రామ్ ఉండాలని రూలు. షాపులో మెషీన్ మీద ఏ, బీ, సీ అని అంటించే లేబుల్‌లో వంద ఉతుకులకి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది చూడు, ఆ లెక్క ఈ ప్రోగ్రామ్ మీద తీసిందే. అంటే మీది మరీ పాత మెషీనేం కాదన్నమాట.

40 అని ట్యాగ్ ఉన్న కాటన్ బట్టలూ, 60 అని ఉన్నవీ కలిపి ఒకేసారి వేసుకోవచ్చని ఆ పేరుకి అర్థం. కానీ పేరులో 60 ఉంది కదా అని నీళ్లు 60 డిగ్రీలు కాగుతాయనుకోకు, కాగవు. రోజూ వేసుకునే టీషర్టులకీ ప్యాంట్లకీ అది చాలు. తువ్వాళ్లు, లోపలి బట్టలు, దుప్పట్లు, కొబ్బరినూనె పట్టిన తలగడ గలీబులు... వీటికి మాత్రం బామ్‌వొల్లె 60 పెట్టు. ఇంట్లో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ అయితే వాళ్ల దుప్పట్లకి కూడా అదే.

ఇక ప్రోగ్రాముల పేర్లు. ప్రతి ప్రోగ్రామూ నాలుగు సంగతులు నిర్ణయిస్తుంది: నీళ్లు ఎంత వేడి, ఎన్ని నీళ్లు, డ్రమ్ము ఎంత గట్టిగా తిప్పాలి, చివర్లో ఎంత స్పీడుగా పిండాలి. బామ్‌వొల్లె అంటే కాటన్, గట్టిగా తిప్పి గట్టిగా పిండుతుంది. కొన్నింట్లో అదే కోఖ్/బుంట్ అని ఉంటుంది, 90 దాకా వెళ్తుంది, నీకు 90తో పని పడదు. ఫ్లేగెలైష్ట్ అంటే పాలిస్టర్, మిక్స్ బట్టలు, ముడతలు పడే ఆఫీసు చొక్కాలు. ఫైన్‌వెషె నాజూకు బట్టలకి, నీళ్లు ఎక్కువ తీసుకుని మెల్లగా తిప్పుతుంది. వొల్లె అంటే ఉన్ని, దాదాపు ఊపి వదిలేస్తుంది. ష్ప్యూలెన్ అంటే జాడించడం ఒక్కటే, ష్లోయ్‌డర్న్ అంటే పిండడం ఒక్కటే, అబ్‌పుంపెన్ అంటే లోపలి నీళ్లు బయటికి తోడేయడం. ఈ మూడూ విడిగా ఎప్పుడు అవసరమంటే, మధ్యలో ఆగిపోయి డ్రమ్ములో నీళ్లు నిలిచినప్పుడు. 15 నిమిషాలో 30 నిమిషాలో చూపించే కుర్త్స్ ప్రోగ్రామ్ చెమట పట్టిన నాలుగు చొక్కాలకే. డ్రమ్ము నిండా కుక్కి అది పెడితే బట్టలు తడవడం తప్ప ఇంకేం జరగదు.

కుక్కడం అంటే గుర్తొచ్చింది. 7 కిలోలు, 8 కిలోలు అని ముందు రాసి ఉంటుంది కదా, అది కాటన్‌కే. కాటన్ వేసినప్పుడు బట్టల పైన నీ అరచెయ్యి నిలువుగా దూరేంత ఖాళీ ఉండాలి. ఫ్లేగెలైష్ట్‌కి సగం డ్రమ్ము, ఉన్నికి ఇంకా తక్కువ.

అరల సంగతి: నిలువు గీతలు చూడు. రెండు గీతలున్నది అసలు ఉతుకుకి, సబ్బు ఎప్పుడూ అందులోనే. ఒక గీతది ముందు ఉతుకుకి, దాన్ని ఫోర్‌వెషె అంటారు, మట్టి పట్టిన బట్టలుంటే తప్ప వాడరు, అందులో పౌడర్ వేస్తే అక్కడే గడ్డకట్టుకుని కూర్చుంటుంది. పువ్వు బొమ్మ ఉన్నది కండిషనర్‌కి. తువ్వాళ్లకి కండిషనర్ వద్దు, నీళ్లు పీల్చవు.

సబ్బు కొనేటప్పుడు మూడు రకాలు కనిపిస్తాయి. ఫోల్‌వాష్‌మిట్టెల్ పౌడర్‌లో బ్లీచ్ ఉంటుంది, తెల్లబట్టలకీ తువ్వాళ్లకీ బాగుంటుంది. కలర్‌వాష్‌మిట్టెల్‌లో బ్లీచ్ ఉండదు, రంగు వెలవదు. ఫైన్ అని రాసింది నాజూకు వాటికి. లిక్విడ్ ఏదైనా సరే అందులో బ్లీచ్ ఉండదు, కాబట్టి ఏడాది పొడుగునా లిక్విడ్‌తో 30 డిగ్రీల్లో ఉతికేవాళ్ల మెషీన్లు లోపల జిగురు పట్టి వాసనొస్తాయి. నెలకి ఒకట్రెండు సార్లు ఫోల్‌వాష్‌మిట్టెల్ పౌడర్‌తో 60లో తువ్వాళ్లు ఉతికితే ఆ గొడవే ఉండదు. అయ్యాక తలుపూ సబ్బు అరా కొంచెం తెరిచి ఉంచు.

సబ్బు ఎంత వేయాలన్నది నీళ్లని బట్టి. ప్యాకెట్ వెనక పట్టిక ఉంటుంది: వైష్, మిట్టెల్, హార్ట్. జర్మన్ డిగ్రీల్లో 8.4 లోపు మెత్తటి నీళ్లు, 14 దాటితే గట్టి నీళ్లు, మధ్యలోది మధ్యరకం. మీ ఊరి నీళ్ల కంపెనీ సైట్‌లో పిన్‌కోడ్ కొడితే చెప్తుంది. మా బెర్లిన్ నీళ్లు గట్టివి, కెటిల్ చూస్తే చాలు, అడుగున తెల్లటి పెచ్చు. మన అలవాటు కొద్దీ నురగ కనిపిస్తేనే ఉతికినట్టనుకుని ఎక్కువ పోయొద్దు. నురగ ఎక్కువైతే మెషీన్ కనిపెట్టి మళ్లీ మళ్లీ జాడిస్తుంది, టైమ్ ఇంకా పెరుగుతుంది.

స్టుట్‌గార్ట్ నుంచి:

పై అన్నగారు అంతా చెప్పారు కానీ అసలు ప్రశ్న వదిలేశారు, పట్టు పంచె! మెషీన్‌లో వేయకు నాన్నా. ట్యాగ్ లేదు కదా అని ఫైన్‌వెషెలో పెట్టేవాళ్లున్నారు, పంచె పాడవ్వకపోయినా జరీ పాడవుతుంది. మామూలు సబ్బుల్లో మరకల్ని కరిగించడానికి ఎంజైములు వేస్తారు, పట్టూ ఉన్నీ కూడా ప్రోటీనే కాబట్టి వాటినీ తింటాయి. ఒక్కసారి కట్టి తీసేస్తే నీడన ఆరేసి మడతపెట్టు చాలు. మరకైతే రైనిగుంగ్ షాపుకివ్వు, డ్రై క్లీనింగే అది, జరీ ఉందని ముందే చూపించు. తప్పదు ఇంట్లోనే అంటే డ్రగ్ స్టోర్లో వొల్లె ఉండ్ జైడె అని ఉన్ని, పట్టులకి విడిగా సబ్బు దొరుకుతుంది, బకెట్లో చల్లనీళ్లు, పిండకుండా, మెలిపెట్టకుండా.

మన కాటన్ల గురించి కూడా చెప్పాలి. పోచంపల్లి, కలంకారీ, ఊరి సంతలో కొన్న లుంగీ, ఏదైనా మొదటిసారి విడిగా చేత్తోనే ఉతుకు. తర్వాత కూడా 30 దాటొద్దు. డీఎమ్, రోస్‌మాన్ అనే డ్రగ్ స్టోర్లలో రంగు పీల్చే కాగితాలు అమ్ముతారు, ఒకటి డ్రమ్ములో పడేస్తే వదిలిన రంగు కొంత అది పట్టుకుంటుంది. కొంతే. మెరూన్ కుర్తానీ తెల్ల బనియన్లనీ కలిపేసి కాగితం వేశాను కదా అంటే అది కాపాడదు.

పసుపు మరక: సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడకు, సబ్బు క్షారం, పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, కుంకుమ చేసేది అలాగేగా. ఉతికాక మిగిలిన పచ్చదనం ఎండకి పోతుంది. జూన్‌లో అయితే బాల్కనీలో ఒక్క పూట చాలు. నవంబర్‌లో ఇక్కడ ఎండెక్కడిది, అప్పుడు తెల్లబట్టయితే బ్లీచ్ ఉన్న పౌడర్ వేసి వేడినీళ్లలో నానబెట్టు. ఆవకాయ నూనె పడితే నీళ్లు తగిలేలోపే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రాసి పది నిమిషాలు ఆగు.

ట్యాగ్ బొమ్మల్లో మూడు గుర్తుంటే చాలు. తొట్టిలో అంకె అంటే అంతకు మించిన వేడి వద్దని. తొట్టి కింద ఒక గీత ఉంటే మెల్లగా తిప్పాలి, రెండు గీతలుంటే ఇంకా మెల్లగా. చతురస్రంలో సున్నా కొట్టేసి ఉంటే డ్రయర్‌లో వేయొద్దు.

ఎసెన్ నుంచి:

ఉతకడం సరే, ఆరేయడం గురించి ఎవరూ మాట్లాడరేం? ఇక్కడ అసలు గొడవలు అక్కడే. గదిలో స్టాండు మీద తడిబట్టలు ఆరేసి కిటికీలు మూసి హీటర్ పెడితే ఆ తేమంతా చలికాలంలో బయటి గోడ మూలకి చేరి నల్లటి బూజు పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు ఓనర్ దానికి అడ్వాన్స్ పట్టుకుంటాడు. మా పాత ఇంట్లో జరిగిందదే, ఫొటోలు తీసి పెట్టుకున్నాం కాబట్టి సగం తిరిగొచ్చింది. అందుకని కాటన్‌కి పిండే స్పీడు 1400 (నిమిషానికి అన్ని చుట్లు) పెట్టు, బట్టలు సగం ఆరినట్టే వస్తాయి. ఆరేసినప్పుడు కిటికీ పైభాగం కొంచెం వాల్చి వదిలేయడం కాదు, రోజుకి రెండుమూడు సార్లు పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాలు ఉంచు. కింద బేస్‌మెంట్‌లో ఆరేసుకునే గది ఉందేమో హౌస్‌మైస్టర్‌ని, అంటే బిల్డింగు చూసుకునే ఆయన్ని అడుగు, చాలా బిల్డింగుల్లో ఉంటుంది.

డ్రయర్ ఉంటే, ష్రాంక్‌ట్రోకెన్ పెడితే నేరుగా బీరువాలో పెట్టుకునేలా వస్తాయి, బ్యూగెల్‌ట్రోకెన్ పెడితే ఇస్త్రీకి వీలుగా కాస్త తడి ఉంచుతుంది. దూదిపీచు జాలీ ప్రతిసారీ తుడువు. మన ఊరి కాటన్ కుర్తాలు అందులో వేయకు, తమ్ముడికి సరిపోయే సైజులో వస్తాయి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నడపకు. ఆదివారం సంగతి ఇంటి రూల్స్ కాగితంలో చూడు, బిల్డింగుని బట్టి మారుతుంది. కింది అంతస్తు ఆవిడ పైకొచ్చి తలుపు కొట్టాక తెలుసుకోవడం కంటే ముందే చదవడం నయం.

ఇంకోటి, మెషీన్ కింద కుడివైపు చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఫిల్టర్. మీకు ముందున్నవాళ్లు దాన్ని ఎప్పుడూ తెరిచి ఉండరు, పందెం. వేడి ఉతుకు అయ్యాక వెంటనే కాదు, చల్లారాక, ప్లగ్ తీసి, వెడల్పాటి పళ్లెం పెట్టి, మూత నెమ్మదిగా తిప్పు, నీళ్లు వస్తాయి. చిల్లర, హెయిర్‌పిన్నులు, సాక్సు ముక్కలు దొరుకుతాయి. నీళ్లు సరిగ్గా పోవట్లేదన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే కారణం.

మాగ్‌డెబుర్గ్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థాంక్స్. ఫిల్టర్ తీశాను, 2 యూరోల నాణెం, ఎవరిదో చెవిపోగు దొరికాయి :) కానీ ఇప్పుడు కొత్త సమస్య. ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద సోలాపూర్ దుప్పటి ఒక్కటే వేశాను, 9 నిమిషాలు అని చూపిస్తూ అరగంట నుంచి అక్కడే ఉంది. కాసేపు అటూ ఇటూ తిప్పుతుంది, స్పీడందుకోబోయి ఆగిపోతుంది. తలుపు కూడా రావట్లేదు.

బెర్లిన్ నుంచి:

తలుపు లాగకు తమ్ముడూ, పిడి ఊడి చేతికొస్తుంది. దుప్పటి నీళ్లు పీల్చి ఒకే వైపు ముద్దలా చేరింది, ఆ బరువుతో స్పీడుగా తిరిగితే మెషీన్ గదంతా గెంతుతుంది కాబట్టి అదే ఆగిపోయి సర్దడానికి చూస్తోంది. ప్రోగ్రామ్ ఆపి అబ్‌పుంపెన్ పెట్టు, నీళ్లు పోయాక ఒకట్రెండు నిమిషాలకి లాక్ టక్కున వదులుతుంది. దుప్పటి తీసి విడదీసి వేసి, జతగా రెండు తువ్వాళ్లు కూడా పడేయ్, డ్రమ్ములో బరువు అన్ని వైపులా పడుతుంది. తర్వాత ష్లోయ్‌డర్న్ మాత్రం పెట్టు, ముందు 800తో. అదీ కుదరకపోతే దుప్పటి నానినప్పుడు ఆ మెషీన్‌కి మించిన బరువన్నమాట, స్టేషన్ దగ్గర వాష్‌సలోన్, అంటే డబ్బులిచ్చి ఉతుక్కునే మెషీన్ల షాపు, ఉందేమో చూడు, వాటిలో పెద్ద డ్రమ్ములుంటాయి.