‘ఎగ్జిట్’కు లిథువేనియన్‌లో ఒక్క మాట చాలదా?

కౌనస్‌లో కాకినాడ:
కార్లు నిలిపే చోటును చూపించే యాప్ ఒకటి లిథువేనియన్‌లోకి తెస్తున్నాం. ఇంగ్లీషులో ఉన్నవి కొద్ది మాటలే: డోర్, గేట్, ఎంటర్, ఎగ్జిట్, గో, ఓపెన్, క్లోజ్. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతుందనుకున్నాను. ‘ఎగ్జిట్’కు నిఘంటువు చెప్పిన ‘ఇషేయిమస్’ పెట్టాను. యాప్‌ను పరీక్షించిన స్థానిక సహోద్యోగి దాన్ని నమ్మి కారుతో సహా మెట్లదారి ముందు తేలారు. ఇషేయిమస్ అంటే నడిచి బయటికి పోయే దారి అట. బండి పోయే దారి ‘ఇష్వజియావిమస్’ అట. రెండు మాటలకు అనువాద పట్టికలో రెండు గడులు కావాలంటే మా మేనేజరు ఒప్పుకోవడం లేదు, మిగతా భాషలకు ఒకటే సరిపోయిందంటారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపిస్తోంది. పక్కన కారు బొమ్మ ఉంటుంది కదా, చదివేవారు అర్థం చేసుకోరా?

విల్నియస్ పాతకాపు:
అర్థం చేసుకోరండి. మీ సహోద్యోగి చేసుకోలేదుగా! ఆ భాషలో ‘వెళ్ళడం’ అనే ఒట్టి క్రియ దాదాపు లేదనుకోండి. నడిచి వెళితే ఎయితి, బండిలో అయితే వజియువోతి, ఎగిరితే స్క్రిస్తి, గుర్రమెక్కితే యోతి. వీటి ముందు ఉపసర్గ చేరితే దిక్కు తెలుస్తుంది: ఈ- అంటే లోపలికి, ఇష్- అంటే బయటికి, ప్రి- అంటే దగ్గరికి, అత్- అంటే ఇటువైపు. కాబట్టి ‘గో’ అని ఒక్క మాట ఇచ్చి అనువదించమనేవారు నిజానికి రెండు ప్రశ్నలు దాచిపెడుతున్నారు: ఎలా వెళ్ళాలి, ఎటు వెళ్ళాలి? అన్నట్టు, మీ మేనేజరు చెప్పిన ‘మిగతా భాషల్లో’ జర్మన్ ఉందా? ఉంటే అదీ ఒకసారి తెరిచి చూడండి. అక్కడా మనిషికి ఔస్‌గాంగ్, బండికి ఔస్‌ఫార్ట్.

తేలిక దారి:
ఇంత రాద్ధాంతం ఎందుకు? తెలుగులో ‘బయటికి’ అని రాస్తే నడిచేవారికీ నడిపేవారికీ సరిపోతుంది. లిథువేనియన్‌లోనూ ‘లౌకన్’ అనే మాట ఉంది, అర్థం ‘బయటికి’. క్రియ జోలికి పోకుండా అది పెట్టేయండి.

విల్నియస్ పాతకాపు:
పెట్టండి. డబ్బు కట్టి కారు నిలిపిన మనిషిని ‘ఫో బయటికి!’ అని కసిరినట్టుంటుంది. కుక్కను తరిమేటప్పుడు అనే మాట అది.

పదాల పిచ్చి:
పని కాకపోయినా ఆ మాట ముచ్చటైనది. లౌకస్ అంటే పొలం, బయలు. ‘పొలంలో’ అనే రూపమే వాళ్ళకు ‘బయట’ అయింది. మన ‘బయట’ కూడా ‘బయలు’ నుంచి వచ్చినదే: ఏరు–ఏట, నోరు–నోట లాగా బయలు–బయట.

సరే, అసలు ముప్పు ‘ఎగ్జిట్’లో కాదు, ‘డోర్’లో ఉంది. తలుపుకు వాళ్ళ మాట దురీస్, మన ద్వారానికి చుట్టమే. కానీ దానికి ఏకవచనం లేదు. మనకు పాలు, నీళ్ళు ఎలాగో వాళ్ళకు తలుపు అలాగ. గేటుకు చెప్పే వర్తయ్ కూడా అంతే. లిథువేనియా రాజధాని విల్నియస్ కోటగోడ ద్వారాల్లో ఈనాటికి నిలిచింది ఒక్కటే, 1503–1522 మధ్య కట్టినది. ఆ ఒక్కదాని పేరు కూడా ఔష్రోస్ వర్తయ్, బహువచనమే.

ఇప్పుడు లెక్క పెట్టండి. మామూలుగా ‘రెండు’ స్త్రీలింగంలో ద్వి. రెండు తలుపులను మాత్రం ద్వి దురీస్ అనకూడదు, ద్వెయోస్ దురీస్ అనాలి. ఒక తలుపైతే వియెనెర్యోస్ దురీస్. ఇలాంటి నామాలకు సంఖ్యావాచకాలు వేరే వరుస. దీన్ని వింత అనుకునే తెలుగువారు ‘రెండు అన్నదమ్ములు’ అని ఒకసారి పైకి అని చూడాలి. మనుషులకు ‘ఇద్దరు’ కావాలని మనకు ఎవరూ పాఠం చెప్పలేదు కదా.

కౌనస్‌లో కాకినాడ:
అందుకే అంకె వేస్తున్నాను: ‘2 దురీస్’. చదువుకునేవారే ద్వెయోస్ అనుకుంటారు. సమస్య తీరిందిగా?

పదాల పిచ్చి:
తెర మీద కొంతవరకు తీరింది. పదికి వస్తే దురీస్ కాస్తా ‘10 దురూ’ అవుతుంది, ఆ రూపాన్ని కూడా ఇచ్చి ఉంచారా? పైగా మీ యాప్ దారిని గొంతుతో చెబుతుందా? చెబితే ఆ 2ను అది ఏమని పలుకుతుందో విని చెప్పండి.

గడపలో నిలబడి:
ఆలస్యంగా వచ్చాను. ఇన్నిసార్లు తెలుగుతో పోల్చారు కాబట్టి ఒకటి నేనూ కలుపుతాను. ‘క్లోజ్’ అంటే మనం మూస్తున్నామా, అదే మూసుకుంటోందా? ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. లిథువేనియన్‌లో మనం మూస్తే ఉజ్‌దరీతి, తలుపులు వాటంతటవే మూసుకుంటుంటే ‘దురీస్ ఉజ్‌సిదారొ’. నడుమ దూరిన ఆ ‘సి’ చేసే పని మన ‘కొను’ చేసే పనే. ఇది తెలుగువారికి చటుక్కున తట్టాలి, కానీ మనం ఇంగ్లీషు మీదుగా వెళ్ళి పోగొట్టుకుంటున్నాం. ఒక్క గడి చాలనే వాదన నాకు అందుకే నచ్చదు. మాట కురచ కావడం ఇంగ్లీషు సౌకర్యం, దాని మూల్యం కౌనస్ డ్రైవరు ఎందుకు కట్టాలి?

తేలిక దారి:
గడికి గడి పెంచుకుంటూ పోతే యాప్ ఎప్పటికి బయటికొస్తుంది? నలభై భాషలుంటే ప్రతి భాషా తన పట్టింపు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. నా మాట మీద నేనున్నాను, లౌకన్ తప్ప.

కౌనస్‌లో కాకినాడ:
గొంతు విన్నాను. ‘ద్వి దురీస్’ అంది. సహోద్యోగి నవ్వు ఆపుకోలేకపోయారు.

ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, సగం. జర్మన్ గడిలోనూ నడకదారే ఉందని చూపించాక మేనేజరు మెత్తబడ్డారు. ఎంటర్, ఎగ్జిట్‌లకు రెండేసి గడులు వచ్చాయి. ‘గేట్ దగ్గరికి వెళ్ళండి’ అన్నచోట ‘ప్రివజియువోకితె’, అంటే బండిని దగ్గరికి పోనివ్వమని. ‘గో’ బొత్తానికి మాత్రం ఒక్క గడే ఉంచుతామన్నారు. నడిచేవారూ బండివారూ అదే నొక్కుతారట. ఎయితి పెట్టనా, వజియువోతి పెట్టనా?

విల్నియస్ పాతకాపు:
ప్లౌక్తి పెట్టండి. ఈతకూ పడవకూ ఒకే క్రియ అది, మీ మేనేజరుకు నచ్చుతుంది.