పాత రూల్ ప్రకారం చాట్‌జీపీటీ వాడటం తప్పా, కాదా?

గోదారి_కోడర్:
ప్రోగ్రామింగ్ పోటీలు పెట్టే కోడ్‌ఫోర్సెస్ సైట్‌లో ఏఐ మీద విడిగా నిబంధన వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. అంతకుముందు ఉన్న రూల్: కోడ్ మొత్తం మీరే రాయాలి. దానికి రెండు మినహాయింపులు. రౌండ్ (ఒక పోటీ) మొదలవకముందే రాసి బయటపెట్టిన కోడ్ వాడుకోవచ్చు. రౌండ్‌కు ముందే విడుదలైన టూల్‌తో తయారైన కోడ్ కూడా వాడుకోవచ్చు. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లోనే వచ్చింది. మరి 2023లో దానితో రాయించుకున్నవాళ్లు రూల్ తప్పినట్టా?

సున్నా_ఇండెక్స్:
తప్పలేదు. రెండో మినహాయింపు మళ్లీ చదవండి. ఎలాంటి టూల్ అన్న షరతే లేదు.

రాత్రి_రౌండ్:
షరతు రాయలేదు, నిజమే. కానీ 2020లో వచ్చిన అట్‌కోడర్ లైబ్రరీని చూడండి, అట్‌కోడర్ అనే పోటీల సైట్ ఇచ్చిన రెడీమేడ్ కోడ్ అది. అందులోని సెగ్మెంట్ ట్రీని (సంఖ్యల వరుసలో ఏ భాగానికైనా మొత్తం లాంటివి త్వరగా చెప్పే నిర్మాణం) ఎంతోమంది యథాతథంగా పెట్టుకుంటారు, ఎవరూ తప్పుపట్టరు. ఈ ప్రాబ్లమ్‌కి సెగ్మెంట్ ట్రీ కావాలని కనిపెట్టాల్సింది మనమే కాబట్టి. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ పేస్ట్ చేస్తే ఆ కనిపెట్టడం కూడా చేసిపెట్టేదాన్నీ, లైబ్రరీనీ ఒకే గాటన కట్టలేం.

అయినా పాత సబ్మిషన్లు తవ్వి రేటింగ్ తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. అస్పష్టత రూల్ రాసినవాళ్ల వాక్యంలో ఉంది. దాన్ని పోటీదారుల మెడకు చుట్టడం అన్యాయం.

గోదారి_కోడర్:
మరి ఆ రౌండ్‌లో సొంతంగా ఆలోచించి రాసినవాళ్ల సంగతి? వాళ్ల ర్యాంకు దిగిపోయింది కదా బ్రో.

రాత్రి_రౌండ్:
దిగింది. అందుకే సందేహం రౌండ్‌కు ముందే తేలాలంటున్నాను. కాలేజీ టీమ్‌ల ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలో స్టేట్‌మెంట్ రెండు రకాలుగా అర్థమైతే టీమ్ క్లారిఫికేషన్ రిక్వెస్ట్ పంపుతుంది. అస్పష్టత నిజమేనని జడ్జిలు ఒప్పుకుంటే వివరణ అన్ని టీమ్‌లకూ వెళ్తుంది. రూల్స్‌కీ అలాంటి దారి కావాలి.

2024 రూల్ కూడా పూర్తిగా తేటగా లేదు. స్టేట్‌మెంట్ అనువాదానికి ఏఐ వాడొచ్చు, కోడ్ టైప్ చేస్తుంటే తర్వాతి ముక్క చూపించే కోపైలట్ ఇచ్చే చిన్నచిన్న సూచనలు తీసుకోవచ్చు, అసలు లాజిక్ మాత్రం రాయించుకోకూడదు. చిన్న సూచన అంటే ఎంత? ఫంక్షన్ పేరు టైప్ చేయగానే బైనరీ సెర్చ్ (సగానికి సగం తగ్గిస్తూ వెతికే పద్ధతి) మొత్తం రాసి చూపిస్తుంది. ట్యాబ్ నొక్కితే సింటాక్స్ తీసుకున్నట్టా, లాజిక్ తీసుకున్నట్టా?

సున్నా_ఇండెక్స్:
నేనైతే కాంటెస్ట్‌లో కోపైలట్ ఆపేస్తాను, టెన్షన్ ఉండదు. కానీ మొదటిసారి రాసే ఫస్టియర్ పిల్లలకి ఆ గీత ఎక్కడుందో ఎవరు చెప్తారు?

రాత్రి_రౌండ్:
నిర్వాహకులే చెప్పాలి, ఉదాహరణలతో సహా. ఈ బైనరీ సెర్చ్ కేసు పెట్టి వచ్చే రౌండ్ ప్రకటన కింద అడుగుతాను. ఇలాంటివి ఇంకేమైనా ఎదురైతే ఇక్కడ రాయండి, అన్నీ కలిపి ఒకేసారి అడుగుదాం.