యాక్షన్ ఎంత దించితే అంత మంచిదా?

తార్నాక నుంచి

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) రకం ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. పాత తరహా మోడల్, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లనే లోహపు మెట్లు ఉండే పలక) వంపు రేడియస్ 7.25 అంగుళాలు. షాపులో వేళ్లు నొప్పి పెట్టకుండా యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) బాగా దించారు, సౌండ్ గట్టిగా రావాలని పికప్‌లు (తీగల కింద ఉండి సౌండ్ పట్టే అయస్కాంత భాగాలు) పైకి లేపారు. వాయించడానికి హాయిగానే ఉంది. కానీ సన్న తీగను 12వ ఫ్రెట్ దాటాక బెండ్ చేస్తే (పక్కకు తోస్తే) స్వరం మధ్యలోనే ఆగిపోతోంది. లావు తీగలను పై ఫ్రెట్లలో మీటితే స్వరం వణుకుతోంది, ట్యూనర్ ముల్లు ఒకచోట నిలబడదు. యాక్షన్ తక్కువ ఉంటేనే మంచిదని అందరూ అంటారు కదా, మరి ఇదేంటి?

మలక్‌పేట నుంచి

తమ్ముడూ, తప్పు యాక్షన్‌ది కాదు. నా గిటార్‌కి 17వ ఫ్రెట్ దగ్గర సన్న తీగ ఎత్తు 1.2 మి.మీ. మాత్రమే. ఎంత బెండ్ చేసినా ఆగదు. నీ ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉండి ఉంటాయి, లెవెలింగ్ చేయించు. తీగలు ఎత్తుగా ఉంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు నెల తిరక్కుండా గిటార్ అటక మీద పెట్టేస్తారు. అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను.

సికింద్రాబాద్ నుంచి

అన్నా, మీ గిటార్ రేడియస్ ఎంత?

మలక్‌పేట నుంచి

16 అంగుళాలు.

సికింద్రాబాద్ నుంచి

అదే అసలు తేడా. నేను పదేళ్లు వీణ నేర్చుకుని గిటార్‌కి వచ్చాను. వీణ మెట్లు అడ్డంగా తిన్నగా ఉంటాయి, అందుకే ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించినా తీగ దేనికీ తగలదు. 16 అంగుళాల బోర్డు కూడా దాదాపు అలాగే చదునుగా ఉంటుంది. 7.25 అలా కాదు, నడుమ ఉబ్బుగా ఉంటుంది. చివరి తీగను నడుమకి తోస్తే అది ఆ ఉబ్బు మీదికి ఎక్కి ముందున్న ఫ్రెట్‌కి తగులుతుంది, స్వరం అక్కడే ఆగిపోతుంది. ఫ్రెట్లు ఎంత సమంగా ఉన్నా ఇది తప్పదు. ఫెండర్ వాళ్ల కొలతల్లోనే 7.25కి 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 2 మి.మీ., సన్న తీగ 1.6 మి.మీ. అని ఉంటుంది. 15 నుంచి 17 అంగుళాల బోర్డులకే సన్న తీగ 1.2 మి.మీ. అన్నా, మీ గిటార్‌కి మీ కొలత సరైనదే, ఈ తమ్ముడి గిటార్‌కి మాత్రం కాదు.

ఇక ఆ వణుకు పికప్‌ల వల్ల. పాత తరహా స్ట్రాట్ పికప్‌లో కనిపించే ఆరు కడ్డీలూ అయస్కాంతాలే. దగ్గరగా ఉంటే తీగను లాగుతాయి, తీగ సహజంగా ఊగలేదు. పై ఫ్రెట్లలో నొక్కినప్పుడు తీగ వాటికి ఇంకా దగ్గరవుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ తెలుస్తుంది. చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి కడ్డీ పైభాగానికి లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మి.మీ. దూరం పెట్టి మొదలుపెట్టు. సౌండ్ చాలకపోతే యాంప్ పెంచుకో. అయస్కాంతాన్ని తీగకు ఆనించి సౌండ్ తెచ్చుకోవడం నాకు అస్సలు నచ్చదు.

తార్నాక నుంచి

అక్కా, ఇదంతా నేనే చేసుకోవచ్చా? ముందు ఏది తిప్పాలి?

సికింద్రాబాద్ నుంచి

చేసుకోవచ్చు. మొదట ట్యూన్ చెయ్యి. తర్వాత మెడ చూడు. మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, 8వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు కొలువు. 0.3 మి.మీ. ఉండాలి. దీనికి మెకానిక్‌లు సందులు కొలవడానికి వాడే ఫీలర్ గేజ్ (పల్చని రేకుల కట్ట) చాలు, రాణిగంజ్ టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి, తక్కువుంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు, గట్టిగా పట్టేస్తే ఆపెయ్. మెడ కుదిరాకే సాడిళ్లు (తీగలు ఆనే చిన్న ముక్కలు, వీటితోనే తీగల ఎత్తు మార్చేది), ఆఖరున పికప్‌లు. సాడిల్ స్క్రూలకి సరిగ్గా కూర్చునే అలెన్ కీనే వాడు. కొన్నింటికి మి.మీ. కీ, కొన్నింటికి అంగుళాల కీ. దాదాపు సరిపోయిందని తిప్పితే తల అరిగిపోతుంది.

మలక్‌పేట నుంచి

పికప్‌ల సంగతి ఒప్పుకుంటాను, రేడియస్ నేను అడగాల్సింది. కానీ కొత్తవాళ్లకి యాక్షన్ తక్కువే ఉండాలన్న మాట మీద ఇంకా ఉన్నాను. నొప్పి అంటే 9 నంబర్ తీగలు (ఇంకా సన్నవి) వేసుకో తమ్ముడూ, బెండ్‌కి బలం తక్కువ పడుతుంది.

సికింద్రాబాద్ నుంచి

9 వేస్తే మెడ మీద లాగుడు తగ్గుతుంది, సందు మళ్లీ కొలవాలి. వానలు పడ్డాక కూడా ఒకసారి చూసుకో, చెక్క తేమ పీల్చుకుంటే మెడ కదులుతుంది.

తార్నాక నుంచి

ఆదివారం కూర్చుని చేశాను. మెడ సందు సరిగానే ఉంది. సన్న తీగ 1.1 ఉంది, 1.6కి తెచ్చాను. 15వ ఫ్రెట్ దగ్గర ఒక స్వరం బెండ్ పూర్తిగా పలుకుతోంది. పికప్‌లు దించాక వణుకు పోయింది, సౌండ్ కొంచెం తగ్గింది. వేళ్లు మాత్రం నొప్పిగానే ఉన్నాయి. వచ్చే వారం 9 తీగలు వేసి చూస్తాను.