ఆవుల వైరస్‌లు పందులకు అంటుతాయా? టీకా వేయని పందుల్లో స్వైన్ ఫీవర్ ఎలైసా పాజిటివ్

మిశ్రమ_ఫారం (ప్రశ్న):
ఒకే ఆవరణలో పాడి ఆవులూ, ఈనే పందులూ ఉన్నాయి. రెండు షెడ్ల మధ్య దారి ఒకటే, పనివాళ్లు కూడా రెండు వైపులా తిరిగేవాళ్లే. దూడలు తాగగా మిగిలిన పాలు, అమ్మడానికి పనికిరాని పొదుగువాపు పాలు పందుల తొట్టిలో పోస్తారు. పందులకు స్వైన్ ఫీవర్ (పందుల్లో పాకే వైరస్ జ్వరం, ఆఫ్రికన్ రకం కాదు) టీకా ఎప్పుడూ వేయలేదు. సర్వే కోసం తీసిన రక్తంలో ముసలి తల్లిపందులు కొన్నింటికి స్వైన్ ఫీవర్ ఎలైసా (రక్తంలో ఆ వైరస్‌కు యాంటీబాడీ ఉందా అని చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. పెరుగుతున్న పందులన్నీ నెగెటివ్. జ్వరాలు లేవు, చావులు లేవు. కాకపోతే ఈతకు పిల్లలు తగ్గాయి, ఎండిపోయిన పిండాలు కొన్ని పడుతున్నాయి. ఆవుల్లోనూ చూడి సరిగా నిలవడం లేదు. ఆవుల నుంచి పందులకు వచ్చే వైరస్ ఏదైనా ఇలా చేస్తుందా? దాన్ని స్వైన్ ఫీవర్ నుంచి వేరు చేసేదెలా?

గిట్టల_డాక్టర్:
ముందు చేయాల్సింది: ల్యాబ్ నుంచి నిర్ధారణ రిపోర్టు వచ్చేదాకా ఆ ఫారం నుంచి పంది బయటికి పోకూడదు, కొత్తది లోపలికి రాకూడదు. ప్రభుత్వ పశువైద్యులకు సమాచారం వెళ్లిందో లేదో కనుక్కోండి. మీరు చెప్పిన లక్షణాలకు ఆవుల వైరస్ బీవీడీ (బోవైన్ వైరల్ డయేరియా) బాగా సరిపోతుంది, నిజమే. కానీ తీవ్రత తక్కువున్న స్వైన్ ఫీవర్ రకాలు కూడా అచ్చం ఇలాగే, జ్వరం కనపడకుండా, ఈతల్ని మాత్రం దెబ్బతీస్తూ నడుస్తాయి. లక్షణాలు చూసి ‘ఇది అది కాదు’ అనేయడం కుదరదు.

ఇక బీవీడీ సంగతి. ఇదీ స్వైన్ ఫీవర్ వైరసూ ఒకే పెస్టివైరస్ కుటుంబం. గొర్రెల్లో వచ్చే బోర్డర్ డిసీజ్ వైరసూ ఆ గుంపుదే. పైపొర ప్రొటీన్లలో పోలిక ఉండటంతో ఒకదానికి పుట్టిన యాంటీబాడీ ఇంకోదాని ఎలైసాలో అంటుకుంటుంది. ఆవుల పక్కన ఉన్న పందుల్లో ఇలాంటి పాజిటివ్‌లు రావడం కొత్తేమీ కాదు.

పెరిగిన పందికి బీవీడీ సోకితే చాలాసార్లు ఏమీ తెలియదు. కొన్నాళ్లు రక్తంలో వైరస్ తిరుగుతుంది, తర్వాత యాంటీబాడీ మిగులుతుంది. పంది నుంచి పందికి పాకడం కూడా బలహీనమే. ముసలివి పాజిటివ్, పిల్లలు నెగెటివ్ అన్న మీ లెక్క దీనికి తగ్గట్టే ఉంది. నష్టమంతా చూడి పందుల్లో. పంది చూడి కాలం దాదాపు 114 రోజులు. సుమారు 70వ రోజు దాకా పిండానికి సొంత రోగనిరోధక శక్తి రాదు. ఆలోపు వైరస్ మాయ దాటితే పిండం చచ్చి ఎండిపోవచ్చు, ఈత చిన్నదవుతుంది, లేదా పిల్ల వైరస్‌ని తనదిగా ఒప్పుకుని పుడుతుంది. అలాంటి పిల్ల సన్నగా, పాలిపోయి ఉంటుంది, పెరగదు, బతికున్నంతకాలం వైరస్ వదులుతుంది. ఒక్క విషయం మరవొద్దు: దానికి యాంటీబాడీ ఉండదు. ఎలైసాలో శుభ్రంగా నెగెటివ్ వచ్చేదే అసలు దొంగ.

ఎండిన పిండాలకు పార్వోవైరస్, లెప్టోస్పైరా, పీఆర్‌ఆర్‌ఎస్ (పందుల్లో ఈతల్నీ ఊపిరినీ దెబ్బతీసే వైరస్) కూడా కారణాలే. వాటిని పక్కన పెట్టి బీవీడీ ఒక్కదాని వెంటే పడితే తప్పుదారి పడతారు.

మిగతా వైరస్‌ల సంగతి క్లుప్తంగా. గాలికుంటు రెండింటికీ వస్తుంది, అన్నిటికన్నా ప్రమాదం అదే. ఇన్‌ఫ్లుయెంజా డి 2011లో అమెరికాలోని ఓక్లహోమాలో పంది నుంచే మొదట దొరికింది, తర్వాత చూస్తే దాని అసలు స్థావరం ఆవులని తేలింది. పందుల్లో దగ్గు వరకే. మామూలు ఫ్లూ పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) ఇన్‌ఫ్లుయెంజా ఏ కోసం కాబట్టి ఇది అందులో కనపడదు. రిండర్‌పెస్ట్ అనే పశువుల వైరస్ రోగం పందులకూ సోకేది, 2011లో ప్రపంచం నుంచే పోయింది. లంపీ స్కిన్ పందులకు రాదు. ఆజెస్కీ వ్యాధి తిరగబడిన కేసు: అది పంది వైరస్, పంది నుంచి ఆవుకు పోతుంది, ఆవు ఒళ్లంతా గీరుకుని గీరుకుని కొద్దిరోజుల్లో చస్తుంది.

సీరం_ట్యూబు:
ల్యాబ్ వైపు నుంచి చెప్తాను. ఎలైసా అనేది వడపోత మాత్రమే. మీ శాంపిల్ ఏ కిట్‌లో చేశారో అడగండి. వైరస్ పైపొరలోని ఈ2 ప్రొటీన్ మీద పనిచేసే స్వైన్ ఫీవర్ కిట్లలో బీవీడీ గందరగోళం కొంత తక్కువ, ఈఆర్‌ఎన్‌ఎస్ అనే ఇంకో పైపొర ప్రొటీన్ మీద పనిచేసే కిట్లలో ఎక్కువ.

తేల్చేది తులనాత్మక న్యూట్రలైజేషన్ పరీక్ష. ఒకే సీరాన్ని పలచన చేసుకుంటూ పోయి స్వైన్ ఫీవర్, బీవీడీ, బోర్డర్ డిసీజ్ వైరస్‌లు మూడింటి మీదా విడివిడిగా పెడతారు. ఏ వైరస్‌ని ఎంత పలచని సీరం ఆపగలిగిందో చూస్తారు. స్వైన్ ఫీవర్ మీద 1:20, బీవీడీ మీద 1:320 అని వస్తే తేడా 16 రెట్లు, అది బీవీడీ వల్లే అని చెప్పొచ్చు. 1:40, 1:80 అని వస్తే 2 రెట్లే, దాంతో ఏమీ చెప్పలేం. కనీసం 4 రెట్లు ఉంటేనే నమ్మకంగా రాస్తారు. తేలకపోతే అదే పంది రక్తం 2, 3 వారాల తర్వాత మళ్లీ తీసి, రెండు సీరాల్నీ ఒకే రోజు పక్కపక్కన పెట్టాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ల్యాబ్ బీవీడీ టైప్ 1 వైరస్ ఒక్కటే వాడుతుంది, మీ ఆవుల్లో తిరిగేది టైప్ 2 అయితే టైటర్ (సీరం ఎంత పలచనైనా వైరస్‌ని ఆపగలదో చెప్పే లెక్క) తక్కువ చూపించి తేడా కనపడకుండా పోతుంది. రెండు రకాలూ వాడమని అడగడంలో తప్పులేదు.

యాంటీబాడీతో పాటు వైరస్‌ని కూడా వెతకాలి. ఎండిన పిండాలు, నీరసపు పిల్లలు, ఇటీవల ఈనిన తల్లులు: ఇవి మీ శాంపిళ్లు. బతికున్నవాటికి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉన్న ట్యూబులో 3 నుంచి 5 మి.లీ. రక్తం, విడిగా సీరం ట్యూబు ఒకటి. చనిపోయిన పిల్లలకు టాన్సిల్, ప్లీహం, కిడ్నీ, చిన్నపేగు చివరి భాగం, ఒక్కొక్కటి విడి డబ్బాలో. ఫార్మలిన్‌లో వేస్తే వైరస్ కల్చర్‌కు దారి మూసుకుపోయినట్టే. ఐసు ప్యాకులతో 4 డిగ్రీల దగ్గర పంపండి, ట్యూబు ఐసుకు తగిలి రక్తం చలికి మంచుగడ్డ కాకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. పెస్టివైరస్‌లన్నింటినీ పట్టే పీసీఆర్ చేసి, పాజిటివ్ అయితే సీక్వెన్సింగ్‌కి (జన్యు వరుస చదివి ఏ వైరసో తేల్చడానికి) పంపమని శాంపిళ్లతో ఇచ్చే దరఖాస్తులో స్పష్టంగా రాయండి. స్వైన్ ఫీవర్ పీసీఆర్ మాత్రమే చేస్తే నెగెటివ్ అని వస్తుంది, బీవీడీ సంగతి తేలకుండానే ఉండిపోతుంది.

మిశ్రమ_ఫారం:
చాలా స్పష్టంగా ఉంది. ఇంకో రెండు. పాలు కాచి పోస్తే చాలా? ఆవులకు వేసే బీవీడీ టీకా పందులకు వేయొచ్చా?

గిట్టల_డాక్టర్:
టీకా వద్దు. పందులకంటూ బీవీడీ టీకా లేదు. ఆవుల లైవ్ టీకాను (బతికున్న వైరస్ ఉన్నదాన్ని) చూడి పందిలో వేస్తే మీరే చేత్తో వైరస్ ఎక్కించినట్టు అవుతుంది, పైగా యాంటీబాడీ పరీక్షల లెక్క మొత్తం చెడిపోతుంది. టీకాల ద్వారానే పందులకు బీవీడీ వచ్చిన చరిత్ర కూడా ఉంది. 1980లలో యూరప్‌లో పందుల లైవ్ టీకాల్లో ఇది కలిసిపోయింది. టీకా వైరస్‌ను పెంచే కణాలకు వేసే దూడ పిండం సీరంలోనే బీవీడీ ఉండటం దానికి కారణం. అందుకే ఎలైసా పాజిటివ్ ఫారంలో ఈమధ్య వేసిన లైవ్ టీకాల బ్యాచ్ నంబర్లు కూడా రాసిపెట్టుకోవాలి.

పాల_క్యాను:
పాల గురించి. బీవీడీకి కాచడం చాలు. దానికి కొవ్వుపొర ఉంటుంది, వేడికీ, సబ్బుకూ, మామూలు క్రిమిసంహారకాలకూ తొందరగా చస్తుంది. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్ల పాశ్చరైజేషన్‌కు నిలవదు. ఇబ్బందల్లా చేసే పద్ధతిలోనే. పెద్ద డేగిసాలో పాలు కదపకుండా కాస్తే అడుగు మాడుతుంది, పైన నురుగు, అంచుల్లో మీగడ చల్లగానే ఉంటాయి. కలుపుతూ కాచి, థర్మామీటర్‌ను అంచు దగ్గర పెట్టి చూడాలి. ఆ తర్వాత పచ్చిపాలు మోసిన బకెట్‌లోనే పోసేస్తే కాచిన శ్రమంతా వృథా.

గాలికుంటు లెక్క వేరు. ఆవుకు పొక్కులు కనపడకముందే, 4 రోజుల దాకా ముందే, పాలలో వైరస్ రావచ్చు. ఒక్కసారి పాశ్చరైజ్ చేస్తే పూర్తిగా పోతుందన్న భరోసా లేదు, పాలలోని కొవ్వు, ప్రొటీన్లు దాన్ని కాపాడతాయి. అందుకే పశువులకు తాగించే పాలకు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి 72 డిగ్రీల 15 సెకన్ల ప్రక్రియ రెండుసార్లు చేయమంటుంది, లేదా ఒకసారి చేసి పీహెచ్ 6 దగ్గర కనీసం గంటసేపు ఉంచమంటుంది. చుట్టుపక్కల గాలికుంటు ఉందని వినపడితే అసలు పాలే పోయకండి, అంతే. గాలి ద్వారా సోకాలంటే ఆవుకన్నా పందికి ఎక్కువ మోతాదు కావాలి, తిండి ద్వారా మాత్రం తేలిగ్గా సోకుతుంది. ఒక్కసారి పందిలో పడిందా, ఊపిరితో ఆవుకన్నా వందల, వేల రెట్ల వైరస్ వదులుతుంది. 2001లో బ్రిటన్ ఉపద్రవం మొదలైంది సరిగా ఉడికించని హోటల్ ఎంగిళ్లు తిన్న పందుల దగ్గరే.

పొదుగువాపు పాలలో యాంటీబయాటిక్ మిగులు ఉంటుంది, పంది మాంసంలోకి వస్తుంది. వైరస్ లేకపోయినా అది పోయకూడని పాలే.

దారి, తొట్లు కడగడానికి: ముందు పేడ గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఆరనివ్వాలి. పేడ మీద ఏ మందు చల్లినా డబ్బు పారబోసినట్టే. తర్వాత వాషింగ్ సోడా 4 శాతం, అంటే పొడి సోడా అయితే 10 లీటర్లకు 400 గ్రా., స్ఫటికాల సోడా అయితే అందులో నీటి బరువు కలిసి ఉంటుంది కాబట్టి సుమారు కిలో. లేదా సిట్రిక్ యాసిడ్ 0.2 శాతం, 10 లీటర్లకు 20 గ్రా. రెండూ కలపొద్దు, నురగొచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గాలికుంటు వైరస్‌కు కొవ్వుపొర లేదు, కాబట్టి క్వాటర్నరీ అమోనియం రకం ఫ్లోర్ క్లీనర్లను నమ్ముకోకండి. ఆమ్లమో క్షారమో ఉంటేనే అది చచ్చేది.

ఊరికే_అడిగా:
అమెరికాలో ఆవులకు బర్డ్ ఫ్లూ అంటున్నారు కదా, అదీ పాలతో పందికి వస్తుందా?

సీరం_ట్యూబు:
2024 మార్చిలో అక్కడి పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 అనే ఆ బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది, పొదుగులో పెరిగి పచ్చిపాలలో విపరీతంగా వస్తోంది, ఆ పాలు తాగిన పిల్లులు చచ్చాయి. 2024 అక్టోబరులో ఆరెగాన్‌లో ఒక చిన్న ఫారం పందిలో హెచ్5ఎన్1 దొరికింది గానీ అక్కడ కోళ్లూ పందులూ కలిసే ఉన్నాయి, ఆ వైరస్ ఆవుల్లో తిరిగే రకమూ కాదు. అయినా పందిలో రెండు ఫ్లూలు కలిస్తే కొత్త రకం పుట్టే వీలుంది కాబట్టి అక్కడా పచ్చిపాలు ఆపమనే చెప్తారు.

గిట్టల_డాక్టర్:
@మిశ్రమ_ఫారం, పందుల్లో ఎంత వెతికినా మూలం ఆవుల షెడ్డులోనే ఉంటుంది. ఆవు చూడి 40 నుంచి 120 రోజుల మధ్య బీవీడీ తగిలితే పుట్టే దూడ జీవితాంతం వైరస్ చిమ్ముతూ ఉంటుంది, చూపుకు కొన్నిసార్లు బాగానే కనపడుతుంది కూడా. అన్ని దూడలకూ చెవి ముక్క తీసి యాంటిజెన్ ఎలైసా (యాంటీబాడీని కాక వైరస్ ప్రొటీన్‌నే వెతికేది) చేయించండి. చిన్న దూడలకు రక్తంలో యాంటిజెన్ చూస్తే జున్నుపాల యాంటీబాడీలు దాన్ని కప్పేస్తాయి, అందుకే చెవి ముక్క. పాజిటివ్ వచ్చిన దూడను విడిగా కట్టి 3, 4 వారాలకు మళ్లీ చూడాలి. రెండోసారీ పాజిటివ్ అయితే అది మందలో ఉండకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు. నెగెటివ్ దూడ తల్లికి పరీక్ష అక్కర్లేదు, పాజిటివ్ దూడ తల్లికి మాత్రం తప్పనిసరి.

ఆవు మాయనూ, ఈసుకుపోయిన (నెలలు నిండకముందే పడిన) పిండాన్నీ పందుల వైపు విసిరే అలవాటుంటే ఈరోజే మాన్పించండి. పాలకన్నా వాటిలో వైరస్ ఎక్కువ, పంది వాటిని చివరి ముక్కదాకా తినేస్తుంది. మనుషుల్ని విడగొట్టలేకపోతే పని క్రమమైనా మార్చండి: ముందు పందులు, తర్వాత ఆవులు, పందుల షెడ్డు గుమ్మం దగ్గర దానికంటూ వేరే గమ్‌బూట్లు, వేరే పార, వేరే బకెట్లు.

పందుల్లో పీసీఆర్ పాజిటివ్ వచ్చిన పిల్లలకు 3 వారాల తర్వాత రెండో రక్తం. అప్పుడూ పాజిటివ్ అయితే తీసేయడమే. వాటిని తీసేసి, ఆవుల దారి మూస్తే బీవీడీ పందుల్లో సాధారణంగా తనంతట తానే ఆరిపోతుంది. ముసలి తల్లుల్లో యాంటీబాడీ మాత్రం చాలాకాలం ఉంటుంది, వచ్చే సర్వేలోనూ అవి పాజిటివ్ అనే వస్తాయి. ఇప్పటి న్యూట్రలైజేషన్ రిపోర్టును చెవి ట్యాగు నంబర్లతో సహా జాగ్రత్త చేయండి.