ఎమ్మెల్యేగా, మంత్రిగా చేసినాయన సుప్రీంకోర్టు జడ్జి అయ్యారా?

లా సెకండియర్: నిన్న రాత్రి హాస్టల్లో దీని మీద పెద్ద గొడవ. మంత్రిగా చేసినాయన తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యారని మా సీనియర్ అంటే నేను నమ్మలేదు. నిజమేనా? నిజమైతే ఆయన తీర్పుల్ని జనం ఎలా నమ్మారండీ?

పాత ప్లీడరు: నిజమే బాబూ, వి.ఆర్. కృష్ణయ్యర్. ఇప్పటి కేరళలోని తలశ్శేరిలో లాయరు. 1952లో ఇండిపెండెంట్‌గా మద్రాసు అసెంబ్లీకి గెలిచారు, అప్పటికి మన ఆంధ్రావాళ్లు కూడా ఆ సభలోనే ఉన్నారు. 1957లో కమ్యూనిస్టుల మద్దతుతో కేరళలో గెలిచి ముఖ్యమంత్రి ఈఎంఎస్ నంబూద్రిపాద్ మంత్రివర్గంలో న్యాయం, హోం, జైళ్లు, కరెంటు చూశారు. 1959లో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని తీసేసింది. 1968లో కేరళ హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీంకోర్టు. హైకోర్టు జడ్జి కావడానికి పదేళ్లు హైకోర్టు లాయరుగా ఉన్నా చాలు, రాజకీయాల్లో ఉన్నవాళ్లు పనికిరారని రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

నమ్మకం సంగతి అంటావా, 1975 జూన్ 24 చూడు. ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న అలహాబాద్ హైకోర్టు తీర్పు మీద స్టే అడిగితే వేసవి సెలవుల్లో ఒక్కరే కూర్చుని విన్నది ఈయనే. పూర్తి స్టే ఇవ్వలేదు. ప్రధానిగా ఉండొచ్చు, సభకు వెళ్లొచ్చు, ఎంపీగా ఓటు వేయకూడదు, జీతం తీసుకోకూడదు అన్నారు. మర్నాడు రాత్రే ఎమర్జెన్సీ.

మొండివాదం: ఒక్క మంచాయన్ని చూపించి అందరికీ సర్టిఫికెట్ ఇచ్చేస్తే ఎలాగండీ. బహరుల్ ఇస్లాం సంగతో? కాంగ్రెస్ రాజ్యసభ ఎంపీ, 1972లో గౌహతి హైకోర్టు జడ్జి, తర్వాత సుప్రీంకోర్టు, 1983లో రాజీనామా చేసి మళ్లీ కాంగ్రెస్ ఎంపీ. ఇలా వచ్చిపోతుంటే ఆయన ముందు నిలబడ్డ ప్రతిపక్షం వాడికి టెన్షన్ ఉండదా?

పాత ప్లీడరు: ఉంటుంది, కాదనను. నన్నడిగితే జడ్జి అయ్యాక మళ్లీ రాజకీయాల్లోకి వెళ్లడమే ఎక్కువ ప్రమాదం. ఆ మాటకొస్తే కృష్ణయ్యర్ కూడా 1987లో ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు, కాకపోతే రిటైరై అప్పటికి ఏడేళ్లు.

లా సెకండియర్: థాంక్సండీ. ఆయన తీర్పుల్లో ముందు ఏది చదవమంటారు?

పాత ప్లీడరు: ఈడిగ అనమ్మ కేసు, 1974. మన రాష్ట్రానిదే. జంట హత్యల్లో ఉరిశిక్ష పడిన అమ్మాయి, చిన్న వయసు, అత్తింటివాళ్లు గెంటేశారు, చిన్న పిల్లాడున్నాడు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని యావజ్జీవంగా మార్చారు. డిక్షనరీ మాత్రం పక్కన పెట్టుకో, ఆయన ఇంగ్లీషు అలాంటిది మరి.