చిన్న డ్రోన్‌కి ముందుగా కొనాల్సింది ఏది: ఎన్‌డీ ఫిల్టర్లా, మిగతావా?

మూలాపేట, నెల్లూరు
మా అన్న వాడిన 249 గ్రాముల డ్రోన్ నా చేతికొచ్చింది. ఉన్నది ఒకటే బ్యాటరీ. సంక్రాంతి సెలవుల్లో మైపాడు, సోమశిల, ఉదయగిరి, అటునుంచి భైరవకోన తిరిగి రావాలని ప్లాన్. చేతిలో పదివేలున్నాయి. షాపులో ఎన్‌డీ ఫిల్టర్లు (లెన్సులోకి వెళ్లే వెలుగు తగ్గించే అద్దాలు), ప్రొపెల్లర్ గార్డులు, నీళ్ల మీద తేలే ఫ్లోట్లు, పెద్ద బ్యాటరీ అన్నీ తీసుకోమంటున్నారు. అన్నీ రావు. ముందు ఏది కొనాలి?

ఒంగోలు, పెళ్లి వీడియోలు తీస్తాను
తమ్ముడూ, ముందు ఎన్‌డీ ఫిల్టరే. ఈ చిన్న డ్రోన్లలో అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం సైజు మార్చలేం. మన ఎండకి ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) తగ్గించి 100లో పెట్టినా షట్టర్ సెకనులో 1/1000 వంతు దగ్గర ఆగుతుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోకి 1/60 ఉంటేనే కదలిక మెత్తగా కనిపిస్తుంది. ఎన్‌డీ 16 వేస్తే 1/1000 కాస్తా 1/60 దగ్గరికి దిగుతుంది. ఫిల్టర్ లేకుండా తీసిన వీడియో టీవీలో వేసి చూడు, తాటిచెట్లు టకటకా గెంతుతున్నట్టుంటాయి.

కావలి
అన్నా, మీరు చెప్పిన లెక్క తప్పు కాదు. పెళ్లి ఊరేగింపు మీద నాలుగు మీటర్ల ఎత్తులో పోయేటప్పుడు అది కావాల్సిందే. కానీ ఈ అబ్బాయి వంద మీటర్ల ఎత్తు నుంచి సోమశిల డ్యామ్ తీస్తాడు. అంత దూరం నుంచి చూస్తే ఫ్రేములో ఏదీ వేగంగా కదలదు, తేడా కనిపించేది తక్కువ. ముందు డ్రోన్ బతకాలి.

నాకు జరిగింది చెబుతాను. తుమ్మలపెంట బీచ్‌లో డ్రోన్‌ని నేరుగా ఇసుక మీద దించాను. ఇంటికొచ్చి వేలితో మోటారు తిప్పితే కరకరమంటోంది. తెల్ల కాగితం పరిచి తట్టాను. మామూలు ఇసుక రాలింది గానీ ఆ చప్పుడు పోలేదు. టార్చ్ వేసి చూస్తే, మోటారు లోపల అయస్కాంతాల అంచున నల్లటి పొడి మీసంలా పట్టుకుని ఉంది. మన తీరంలో నల్ల ఇసుక ఉంటుంది కదా, అందులోని ఇనుప రేణువులు అయస్కాంతాన్ని వదలవు. గాలి ఊదితే పోవు. గోడకి పోస్టర్లు అంటించే జిగురు ముద్దని సన్నగా చేసి, లోపలికి పెట్టి అద్ది అద్ది తీశాను. నాలుగు మోటార్లకి ఒక సాయంత్రం పట్టింది. డ్రోన్ దిగడానికి కింద పరిచే ల్యాండింగ్ ప్యాడ్ ఉండుంటే ఆ అవస్థ తప్పేది.

ఇంకో మాట. గార్డులు, ఫ్లోట్లు, పెద్ద బ్యాటరీ వద్దు. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల వరకు నానో, అది దాటితే మైక్రో. నీది 249. ఈ మూడింట్లో ఏది తగిలించినా తరగతి మారిపోతుంది. పైగా గార్డులకీ ఫ్లోట్లకీ గాలి ఎక్కువ తగులుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మైపాడులో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఎట్లా కొడుతుందో నీకు నేను చెప్పాలా?

ఒంగోలు, పెళ్లి వీడియోలు తీస్తాను
ఇసుక సంగతి ఒప్పుకుంటా. దానికి డబ్బు పెట్టి ప్యాడ్ కొనడమెందుకు? ఇంట్లో ధాన్యం ఆరబోసే పట్టా ముక్క చాలు. ఆ డబ్బు ఫిల్టర్‌కి పెట్టుకోమంటున్నా.

కావలి
పట్టా పనికొస్తుంది. నాలుగు మూలలా తడి ఇసుక సంచులో రాళ్లో పెట్టాలి. లేకపోతే డ్రోన్ రెక్కల గాలికి అంచు లేచి రెక్కల్లో పడుతుంది. ప్యాడ్ అయితే మేకులు దిగ్గొట్టుకోవచ్చు.

మార్కాపురం
ఇద్దరూ బ్యాటరీ సంగతి వదిలేశారు. అదే సైజు మామూలు బ్యాటరీ ఇంకొకటి కొనడమే అన్నిటికన్నా ముందు. ఒక్క బ్యాటరీతో వెళ్తే కొండ ఎక్కినాక 20 నిమిషాలకే పని అయిపోతుంది. మిగిలింది చూసుకుంటూ టెన్షన్ పడుతూ ఎగరేస్తే వీడియో ఎట్లా వస్తుంది? ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు. వాడకుండా ఉంచేటప్పుడు సగం చార్జి దగ్గర ఉంచు. ఎప్పుడైనా విమానం ఎక్కితే చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

భైరవకోన లోయలో రెండు పక్కలా కొండే. జీపీఎస్ సరిగా పట్టకపోవచ్చు. అక్కడ ఏ సామానూ కాపాడదు, కంటికి కనిపించేంత దూరంలోనే తిప్పు. బయల్దేరే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎరుపు, పసుపు జోన్లు చూసుకో. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. సెలవుల్లో పులికాట్ వైపు కూడా వెళ్లాలనిపిస్తే డ్రోన్ ఇంట్లోనే పెట్టి పో. అది పక్షుల అభయారణ్యం, ఆ పక్క శ్రీహరికోట.

మూలాపేట, నెల్లూరు
అయితే మామూలు బ్యాటరీ ఒకటి, రెక్కల సెట్ ఒకటి, డబ్బు మిగిలితే ఎన్‌డీ 16 ఒక్కటే. పట్టా మా తాతయ్య వాళ్లింట్లో ఉంది. రెక్క ఒకటి విరిగితే ఒక్కటే మార్చుకోవచ్చా?

కావలి
ఒక్కటి మార్చొద్దు. ఆ మోటారు మీదున్న రెండూ కలిపి మార్చు, బరువు సమానంగా ఉంటుంది. పక్కపక్క మోటార్ల రెక్కలు ఒకే రకం కావు, గుర్తు చూసి బిగించు. సెట్‌తో వచ్చే చిన్న స్క్రూడ్రైవర్‌ని బ్యాగులోంచి తీయొద్దు. ఉదయగిరి కొండ మీద దాన్ని ఎవరినీ అడగలేవు.

ఒంగోలు, పెళ్లి వీడియోలు తీస్తాను
ఎన్‌డీ 16 ఒక్కటైనా కొంటున్నావు, మంచిది. డ్రోన్ ఆన్ చేయకముందే బిగించు, ఆన్ అయ్యాక గింబల్‌ని, అంటే కెమెరాని కుదుపు లేకుండా పట్టే భాగాన్ని, చేత్తో ముట్టుకోవద్దు. సాయంత్రం వెలుగు తగ్గగానే తీసెయ్. మైపాడులో ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి ఇక్కడ పెట్టు, కావలి అన్న కూడా చూస్తాడు.