పిల్లల టెంట్: శనక్కాయలు వద్దంటే ఏం చేద్దాం?

అనంతపురం నుంచి (పిల్లల విభాగం):
అందరికీ నమస్కారం. సెలవు మీద ఊరికొచ్చి పది రోజులైంది. జూన్ 21న లండన్ పార్కులో మన సంఘం పిక్నిక్‌కి ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల టెంట్ నాకిచ్చారు కదా. పోయినసారి బొమ్మలకు రంగులేయమని కాగితాలిస్తే పావుగంటలో లేచిపోయారు. ఈసారి చేతులకు పని ఉండాలి. ఇక్కడి నుంచి పచ్చి శనక్కాయలు, సంచెడు ఎర్రమట్టి, చింతపిక్కలు, గురివింద గింజలు తెద్దామనుకుంటున్నా. శనక్కాయ పువ్వు పైన పూస్తుంది, తర్వాత ఊడ కిందికి దిగి మట్టిలో కాయ కడుతుంది. ఇది పిల్లలు తవ్వి చూడాల్సిన సంగతి. మావాడు శనక్కాయ ప్యాకెట్లో పుడుతుందనుకుంటున్నాడు!

వంటల విభాగం:
తమ్ముడూ, శనక్కాయ వద్దు. మన పిల్లల్లోనే ఇద్దరికి పడదు. అందుకే చట్నీ కూడా ఈసారి కొబ్బరితో చేస్తున్నాం. ఇక గురివింద మాట ఎత్తకు. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజే, కాదనను, కానీ కొరికి మింగితే ప్రాణానికి ముప్పు. ఆ వయసు పిల్లలు ఏదైనా నోట్లోనే పెడతారు. మట్టి అయితే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు, ఇండియా మట్టిని బ్రిటన్‌లోకి రానివ్వరు. విత్తనాలకూ సర్టిఫికెట్ కావాలి.

అనంతపురం నుంచి:
అక్కా, అనంతపురం వాణ్ణి శనక్కాయ లేకుండా రమ్మంటే ఎట్లా! సరే, సంచి ఖాళీ చేశా. రాత్రి వదినతో మాట్లాడుతుంటే ఇంకొకటి తట్టింది. ఆమె ఇక్కడ పల్లెలో ప్రైమరీ టీచరు. సామాను బదులు నీడ తెస్తా.

ఒక మీటరు కర్రను నిటారుగా పాతాలి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర వంగిందో లేదో పిల్లలే చెప్పేస్తారు. అనంతపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాదు, సుమారు 12:20కి. జూన్‌లో ఆ వేళకు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి నీడ దక్షిణం వైపు పడుతుంది. పొడవు 15 సెంటీమీటర్లే, జానెడు కూడా లేదు. అదే కర్రకు లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక నీడ ఉత్తరం వైపు, 53 సెంటీమీటర్లు. ఒకే కర్ర, ఒకే సూర్యుడు, నీడలు ఎదురెదురు దిక్కులకు! నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఇది నలభై ఏళ్లకు తెలుసుకున్నా.

21 ఆదివారం, బడి ఉండదు. కానీ ఆ వారమంతా నీడలో చెప్పుకోదగ్గ తేడా రాదు. వదిన బడిపిల్లలు శుక్రవారం మధ్యాహ్న భోజనం గంట కొట్టే ముందు కొలిచి, నీడంత దారం కత్తిరించి ఫొటో పంపుతారు.

ఒక తల్లి:
మా పాపకు ఆరేళ్లు అన్నా. సెంటీమీటర్లు చదవడం రాదు.

అనంతపురం నుంచి:
అవసరం లేదమ్మా, అందుకే దారం. ఇక్కడి కొలత మెసేజ్‌లో వస్తుంది, మనం ఎర్ర దారం అంతే కత్తిరించి పెట్టుకుందాం. లండన్ నీడకు పచ్చ దారం. రెండూ పక్కపక్కన పరిస్తే ఎవరిది పొడుగో వాళ్లే అరుస్తారు. అరగంటకోసారి నీడ కొసన సుద్దతో గుర్తు పెడితే నీడ నడవడం కూడా కనిపిస్తుంది. ‘సూర్యుడు ఇటు పోతే నీడ అటెందుకు పోతోంది’ అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేయొద్దు, ప్లీజ్. టార్చి, పెన్సిలు చేతికివ్వండి.

పార్కు బుకింగ్:
అంతా బాగుంది గానీ, అది లండన్. ఎండ రాకపోతే?

అనంతపురం నుంచి:
ఆ టెన్షన్ నాకూ ఉందన్నా. మబ్బేస్తే టెంట్‌లోనే వామన గుంటలు. డజను గుడ్ల అట్టకు వరుసకు ఆరు గుంటలే ఉంటాయి, మనకు ఏడు కావాలి. ఇంకో అట్టలోంచి రెండు కత్తిరించి అతికించే పని పెద్దపిల్లలది. చింతపిక్కలకు బదులు చొక్కా గుండీలు. మా అమ్మ లెక్కన గుంటకు ఐదు, అంటే అట్టకు డెబ్భై. అమ్మ ఒప్పుకోదు గానీ, కూడికలు నాకు వచ్చింది బళ్లో కాదు, ఆ గుంటల దగ్గరే. ఐదేళ్లలోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ గుండీల దగ్గరికి రాకుండా ఒకరు కాపలా ఉండాలి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు కూడా పోయొచ్చా. అక్కడ మేక తోలుతో చేసే తోలుబొమ్మలకు వెలుగు తగిలితే తెర మీద రంగులు కూడా పడతాయి. పిల్లలకు ఒక్క బొమ్మ చూపించి, అట్టలో కిటికీలు కత్తిరించి రంగు కాగితం అంటించమందాం. ఇది ఎండకూ పనికొస్తుంది, టార్చికీ పనికొస్తుంది.

వంటల విభాగం:
గుడ్ల అట్టలు నేను దాస్తా. పులిహోరకు గుడ్లు అక్కర్లేదు గానీ, ఈ నెలంతా ఇంట్లో ఆమ్లెట్లే.

పార్కు బుకింగ్:
మీటరు కర్ర నా కారులో పడుతుంది. ఒకటా, రెండా?

అనంతపురం నుంచి:
రెండు తెండి అన్నా. ఒకటి వాళ్లు కత్తియుద్ధానికి తీసుకుంటారు.